సందేహించిన సాక్షి: అపొస్తలుడైన తోమా

జీవితమంతా ఎంత పనిచేసినా, ఏ ఒక్క సాయంకాలమో అన్న ఒక మాట వల్లనే మనిషి లోకానికి గుర్తుండిపోవడం కద్దు. యేసుక్రీస్తు పన్నెండుమంది శిష్యులలో ఒకడైన తోమా విషయంలో జరిగింది అదే. గురువు మరణాన్ని జయించి లేచాడని తోడి శిష్యులు చెప్పగా, కంటితో చూచి చేతితో తాకితే గాని నమ్మనన్నాడు. ఆ ఒక్క మాటతో పాశ్చాత్య దేశాలలో ఆయన పేరు సందేహానికి మారుపేరైపోయింది. తేలికగా నమ్మనివానిని 'సందేహి తోమా' అని ఎగతాళి చేయడం అక్కడ వాడుక.

తర్కశాస్త్రం కొంచెమైనా చదివినవారికి ఆ మాటలో ఎగతాళి చేయదగినదేమీ కనిపించదు. తెలుగువాడైన అన్నంభట్టు తన 'తర్కసంగ్రహం'లో ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలను వివరించాడు. శబ్దమంటే నమ్మదగినవాడు చెప్పిన మాట. తోడివారి శబ్దం చాలదు, ప్రత్యక్షం కావాలి అన్నవాడు తోమా. విచిత్రమేమంటే, ఆ తోమా జీవితాన్ని గురించి తెలుసుకోగోరేవారికి నేడు ప్రత్యక్షమన్నది లేనేలేదు. ఉన్నదంతా శబ్దమూ, దానిని ఆధారం చేసుకొని సాగే అనుమానమూ మాత్రమే. ఆయన భారతదేశానికి వచ్చాడా? చెన్నపట్నం చెంత మరణించాడా? శతాబ్దాలుగా లక్షలాది ప్రజలు ఔనంటున్నారు, చరిత్రకారులు ఆధారమడుగుతున్నారు. సాక్ష్యం లేనిదే నమ్మనన్నవాని కథే సాక్ష్య విచారణకు చక్కని పాఠం కావడం ఇందులోని విశేషం.

సువార్తలలోని తోమా

తోమా అన్నది నిజానికి పేరు కాదు. అరమేయిక భాషలో ఆ మాటకు కవలవాడని అర్థం. గ్రీకులో అదే అర్థాన్నిచ్చే 'దిదుమ' అనే మాటను తెలుగు బైబిలు అనువాదకులు అట్లాగే ఉంచారు. సిరియా ప్రాంతపు క్రైస్తవులు ఆయనను యూదా తోమా అని వ్యవహరించారు. ఆయన ఎవరికి కవలయో సువార్తలు చెప్పవు. మత్తయి, మార్కు, లూకా సువార్తలలో ఆయన పేరు శిష్యుల పట్టికలో మాత్రమే కనిపిస్తుంది. ఆయన నోటి మాట వినిపించేది యోహాను సువార్తలోనే. అదీ మూడు సందర్భాలలో.

మొదటిది లాజరు మరణించినప్పటిది. యూదయకు తిరిగి వెళదామని యేసు అన్నాడు. అక్కడివారు రాళ్ళతో కొట్టి చంపజూచి ఎన్నో దినాలు కాలేదు. శిష్యులు వెనుకాడారు. అప్పుడు తోమా ముందుకు వచ్చి, గురువుతోపాటు చావడానికైనా సరే మనమూ పోదామన్నాడు. రెండవది చివరి విందునాటి రాత్రి. తాను వెళ్ళే చోటికి దారి మీకు తెలుసునని యేసు అంటే తక్కినవారు ఊరకున్నారు. తోమా మాత్రం, చోటే తెలియనప్పుడు దారి ఎట్లా తెలుస్తుందని అడిగాడు. తరగతిలో అందరికీ అర్థం కాని సంగతిని ధైర్యంగా లేచి అడిగే విద్యార్థి వంటివాడు ఆయన. ఆ ప్రశ్నకు వచ్చిన సమాధానమే, తానే మార్గమని యేసు చెప్పిన ప్రసిద్ధ వాక్యం. తోమా అడుగకపోతే ఆ వాక్యం వచ్చేది కాదు.

మూడవ సందర్భం అందరికీ తెలిసినదే. యేసు మొదట కనిపించినప్పుడు తోమా అక్కడ లేడు. ఎనిమిది దినాల తరువాత మళ్ళీ కనిపించిన గురువు ఆయనను పిలిచి, గాయాలను తాకి చూడమన్నాడు. ఇక్కడ ఒక సంగతి గమనించదగినది. తోమా తాకినట్లు సువార్త చెప్పదు. గాయంలో వ్రేలు పెట్టినట్లు చిత్రించినవారు చిత్రకారులు; అందులో 1601, 1602 ప్రాంతాల కరవాజ్జో అనే ఇటలీ చిత్రకారుడు వేసిన పటం లోకప్రసిద్ధం. సువార్త చెప్పేదల్లా, తోమా యేసును తన ప్రభువుగా, తన దేవుడుగా సంబోధించాడని మాత్రమే. ఆ గ్రంథంలో అంతకుముందు ఏ శిష్యుడూ అంత నిండైన మాట అనలేదు. చూడకయే నమ్మేవారు ధన్యులని యేసు అన్నమాట నిజమే; కాని అడిగినవానిని ఆయన వెలివేయలేదు, అడిగినది చూపించాడు. చావుకు సిద్ధపడినవాడు, తెలియనిది తెలియదన్నవాడు, చూచిన తరువాత సంకోచం లేకుండా అంగీకరించినవాడు — ఈ ముగ్గురూ ఒకే మనిషి.

సిరియాలో పుట్టిన కథ

సువార్తలు అక్కడితో ఆగుతాయి. తరువాతి కథ చెప్పేది 'తోమా కార్యములు' అనే గ్రంథం. క్రీస్తు శకం మూడవ శతాబ్ది ఆరంభంలో, సిరియాక్ భాషకు నిలయమైన ఎడెస్సా నగర ప్రాంతంలో అది పుట్టిందని పండితుల అభిప్రాయం. అంటే తోమా కాలానికి సుమారు నూటయేబది సంవత్సరాల తరువాతి మాట.

శిష్యులు లోకాన్ని పంచుకొని చీట్లు వేయగా తోమాకు భారతదేశం వచ్చింది. తాను హెబ్రీయుడనని, భారతీయులకు ఏమి బోధించగలనని ఆయన వెళ్ళనన్నాడు. అప్పుడు యేసు ప్రత్యక్షమై, మంచి వడ్రంగి కోసం వెదకుతున్న హబ్బాను అనే వర్తకునికి ఆయనను బానిసగా అమ్మివేశాడు. ఏమి పని వచ్చునని వర్తకుడు అడిగితే, కొయ్యతో నాగళ్ళు, కాడులు, తెడ్లు, ఓడ స్తంభాలు; రాతితో కంబాలు, రాజగృహాలు చేయగలనని తోమా చెప్పాడు. గుందఫరు అనే భారతీయ రాజు ఆయనకు ధనమిచ్చి నగరు కట్టమన్నాడు. తోమా ఆ ధనమంతా బీదలకూ రోగులకూ పంచిపెట్టాడు. నగరేదని రాజు అడిగితే, అది పరలోకంలో కట్టబడిందని, ఈ జన్మలో కనిపించదని చెప్పాడు. రాజు ఆయనను చెరలో వేయించాడు. ఇంతలో రాజు తమ్ముడు మరణించి, పరలోకంలో ఆ భవనాన్ని చూచి, తిరిగి ప్రాణం పోసుకొని వచ్చి అన్నతో ఆ సంగతి చెప్పాడు. రాజు మనసు మారింది.

ఈ కథ చదివిన తెలుగు పాఠకునికి భద్రాచల రామదాసు స్ఫురణకు రాక మానడు. సర్కారు సొమ్ముతో రామునికి గుడి కట్టించి గోలకొండ చెరసాలలో మగ్గిన కంచెర్ల గోపన్నకూ, రాజనగరు సొమ్ము బీదలకు పంచి చెర పాలైన తోమాకూ నడుమ సంబంధమేమీ లేదు. కాని రాజుగారి లెక్క వేరు, భక్తుని లెక్క వేరు అన్న భావాన్ని దేశదేశాల ప్రజలు ఒకే తీరున కథగా అల్లుకొన్నారని మాత్రం తెలుస్తుంది. ఆ గ్రంథంలోనే 'ముత్యపు గీతం' అనే అందమైన కవితాఖండిక ఉన్నది. ముత్యం తెమ్మని తండ్రి పంపిన రాజకుమారుడు పరదేశంలో తానెవరో మరచిపోయి, ఇంటినుంచి వచ్చిన లేఖతో మేల్కొన్న వృత్తాంతమది. కడపట తోమా మజ్దాయి అనే మరొక రాజు దేశానికి వెళ్ళగా, ఆ రాజు ఆజ్ఞపై నలుగురు భటులు ఆయనను కొండమీద ఈటెలతో పొడిచి చంపారని గ్రంథం ముగుస్తుంది.

నాణేలు చెప్పిన సంగతి

అద్భుతాలతో నిండిన ఈ గ్రంథాన్ని చరిత్రకారులు చాలకాలం కట్టుకథగానే చూశారు. గుందఫరు అనే రాజు పేరు భారతదేశ చరిత్రలో ఎక్కడా వినబడలేదు. పురాణాలలో లేదు, గ్రీకు రోమను చరిత్రలలో లేదు. రాజే కల్పితుడైతే కథ మాట చెప్పనక్కరలేదు గదా అన్నారు.

ఆ స్థితిని మార్చినవి చిన్న లోహపు బిళ్ళలు. 1830 తరువాత ఆఫ్ఘనిస్తాన్‌లోనూ పంజాబులోనూ పాత నాణేలు కుప్పలుగా బయటపడ్డాయి. వాటిలో కొన్నింటిపై ఒకవైపు గ్రీకు లిపిలోనూ, మరొకవైపు ఖరోష్ఠీ లిపిలోనూ ఒక పహ్లవ రాజు పేరు ఉన్నది. గ్రీకులో గొండోఫరిస్, ఖరోష్ఠీలో గుదువ్హర. సిరియాక్ గ్రంథంలోని గుందఫరు ఆయనే. తరువాత పెషావరు ప్రాంతంలోని తఖ్తిబాహి వద్ద దొరికిన శిలాశాసనంలో ఆ రాజు పరిపాలనలో ఇరువదియారవ సంవత్సరం, ఒక శకంలో నూటమూడవ సంవత్సరం అని కాలనిర్ణయం కూడా కనిపించింది. ఆ శకం క్రీస్తుకు పూర్వం 57 ప్రాంతాన మొదలైనదని లెక్కిస్తే, శాసనం క్రీస్తు శకం 46 నాటిదవుతుంది. ఈ లెక్కతో ఏకీభవించక గొండోఫరిస్ కాలాన్ని మరికొంత వెనుకకు జరిపే పండితులూ ఉన్నారు. ఏమైనా, మొదటి శతాబ్దిలో తక్షశిల ప్రాంతాన్ని ఏలి, తరువాత భారతీయులే మరచిపోయిన ఒక రాజు పేరును ఎక్కడో ఎడెస్సాలోని కథకులు రెండు వందల ఏళ్ళు పోగొట్టుకోకుండా నిలుపుకొన్నారన్నది నిశ్చయం.

ఇక్కడ విద్యార్థులు జాగ్రత్త పడవలసిన చోటు ఒకటున్నది. నాణెం రాజు ఉన్నాడని రుజువు చేసింది. తోమా ఆయనను చూచాడని రుజువు చేయలేదు. ఎడెస్సా వర్తకులు భారతదేశంతో వ్యాపారం చేసేవారు కనుక రాజు పేరు వారి ద్వారా వచ్చి కథలో చేరి ఉండవచ్చు. మూడవ శతాబ్దివాడైన ఓరిజెన్ మాటగా యుసేబియస్ వ్రాసినదానిలో తోమాకు వచ్చినది పార్థియా దేశం. పైగా ప్రాచీనులు ఇండియా అన్న పేరును దక్షిణ అరేబియాకూ ఇథియోపియాకూ కూడా వాడేవారు. నాణెం వల్ల జరిగిన మేలల్లా, అసంభవమనుకొన్నది సంభవమని తేలడం. సంభవానికీ, జరిగినదానికీ ఇంకా దూరమున్నది.

మలబారు తీరం

ఇది ఉత్తరదేశపు కథ. కేరళ క్రైస్తవుల ఐతిహ్యం వేరు. క్రీస్తు శకం 52లో తోమా కొడుంగల్లూరు దగ్గర ఓడ దిగాడని, పాలయూరు, పరవూరు, నిరణం, కొల్లం మొదలైన ఏడు చోట్ల సంఘాలను నెలకొల్పాడని, తరువాత తూర్పు తీరానికి వెళ్ళి 72లో మైలాపూరు దగ్గర హతుడైనాడని వారు తరతరాలుగా చెప్పుకొంటున్నారు. దీపం చుట్టూ పన్నెండుగురు ఆడే మార్గంకళి పాటలలోనూ, రంబాన్ పాటలోనూ ఈ వృత్తాంతం ఉన్నది.

ప్రయాణం సాధ్యమా అంటే, సాధ్యమే. ఋతుపవనాల మర్మం తెలిసిన తరువాత ఎర్రసముద్రపు రేవులనుంచి ఏటా నూట ఇరవై ఓడలు భారతదేశానికి బయలుదేరేవని స్ట్రాబో వ్రాశాడు. కొడుంగల్లూరు ప్రాంతంలోని ముజిరిస్ రేవును ప్లీనీ పేర్కొన్నాడు. ఆ రేవు సరకును గురించిన రెండవ శతాబ్దిపు ఒప్పందపత్రం ఒకటి వియన్నాలో భద్రంగా ఉన్నది. 2007 నుంచి పట్టణం అనే గ్రామంలో జరిగిన త్రవ్వకాలలో రోమను జాడీల పెంకులు బయటపడ్డాయి. మొదటి శతాబ్దిలో అలెగ్జాండ్రియానుంచి మలబారుకు రావడం, ఎందరో వర్తకులు ఏటేటా చేసిన పనే.

అయితే ఆక్షేపణలు లేకపోలేదు. ఆ పాటలు వ్రాతకెక్కినది పోర్చుగీసువారు వచ్చిన తరువాతనే. తోమా నంబూద్రి కుటుంబాలకు జ్ఞానస్నానమిచ్చాడని ఐతిహ్యం. మొదటి శతాబ్దినాటికి కేరళలో అట్టి బ్రాహ్మణ స్థావరాలున్నట్లు ఆధారం లేదని చరిత్రకారులంటారు. గట్టి నేల దొరికేది తరువాతి కాలంలో. మలబారులో క్రైస్తవులున్నారని ఆరవ శతాబ్దిలో కాస్మాస్ అనే వర్తకుడు వ్రాశాడు. 849లో వేణాడు పాలకుడు అయ్యన్ అడిగళ్ కొల్లంలోని క్రైస్తవ దేవాలయానికి తామ్రశాసనమిచ్చాడు. ఆ రాగిరేకులపై సాక్షుల సంతకాలు అరబ్బీ, పహ్లవీ, హీబ్రూ లిపులలో ఉన్నాయి. ముసల్మానులు, పారసీకులు, యూదులు ఒక క్రైస్తవ దేవాలయపు హక్కులకు సాక్షులుగా నిలిచిన ఆ పత్రం, ఆనాటి పడమటి తీరపు సామరస్యానికే సాక్ష్యం.

మైలాపూరు సమాధి

తూర్పు తీరపు కథ మైలాపూరుది. భారతదేశంలో మరణించిన తోమా అస్థికలను ఒక వర్తకుడు ఎడెస్సాకు తెచ్చాడని, 373లో మరణించిన ఎఫ్రేమ్ అనే సిరియాక్ కవి తన కీర్తనలలో చెప్పాడు. ఆ అస్థికలు 1258లో ఇటలీలోని ఒర్తోనాకు చేరాయని అక్కడివారు నమ్ముతారు. మొదట ఖననమైన చోటును గురించి కొంత వివరంగా వ్రాసినవాడు వెనిస్ యాత్రికుడు మార్కోపోలో. పదమూడవ శతాబ్ది చివర తన గ్రంథంలో ఆయన, తోమా దేహమున్నది కొద్ది జనం కాపురమున్న చిన్న ఊరని, వర్తకులు అక్కడికి రారని, అయినా క్రైస్తవులు, ముసల్మానులు యాత్రకు వస్తారని, అక్కడి ఎర్రమట్టి జ్వరాలకు మందుగా తీసుకొనిపోతారని చెప్పాడు. వేటగాడు నెమలికి గురిపెట్టి వేసిన బాణం పొరపాటున తోమాకు తగిలిందని ఆయన విన్న కథ. ఊరి పేరు ఆయన చెప్పలేదు. కాని మైలాపూరంటే నెమళ్ళ ఊరు.

మార్కోపోలో గ్రంథంలో ఈ అధ్యాయానికి వెంటనే తరువాతి అధ్యాయం తెలుగునాటిది. మోటుపల్లి రేవు, వజ్రాలు, సాలెగూటివంటి సన్నని బట్టలు, న్యాయంగా ఏలే రాణి — ఇవన్నీ అక్కడనే ఉన్నాయి. ఆ రాణి రుద్రమదేవి అని తెలుగు విద్యార్థులందరూ చదివినదే. భర్త మరణానంతరం నలుబది ఏళ్ళు పాలించిందని మార్కోపోలో వ్రాశాడు. అది పొరపాటు, ఆమె గణపతిదేవుని కూతురు. 1289 నాటి చందుపట్ల శాసనం ఆమె మరణాన్ని సూచిస్తున్నది గనుక, యాత్రికుడు ఈ తీరం దాటేనాటికి ఆమె జీవించి లేదు. అంతమాత్రాన ఆయన మాటనంతా త్రోసివేశామా? లేదు. శాసనాలతో పోల్చి, చుట్టరికంలో పొరపడ్డాడని, పరిపాలన విషయంలో సత్యం చెప్పాడని విడదీసి గ్రహించాము. తోమా విషయంలోనూ చేయవలసినది అదే. బాణం కథ నమ్మనక్కరలేదు. ఆ కాలానికి అక్కడ రెండు మతాలవారు పూజించే సమాధి ఉన్నదన్నది నమ్మవచ్చు.

పోయినదీ, నిలిచినదీ

1523లో పోర్చుగీసువారు ఆ సమాధిని త్రవ్వి ఎముకలు, ఈటె ముక్క, మట్టితో నిండిన పాత్ర దొరికాయన్నారు. 1547లో పరంగిమలై కొండపై పహ్లవీ లిపి చెక్కిన రాతిశిలువ కనబడింది. అటువంటివి కేరళలోనూ ఉన్నాయి. శాంథోములో నేడు కనిపించే ఎత్తైన గోపురపు దేవాలయం 1896లో పూర్తయినది. చెన్నపట్నంలో కాపురమున్న తెలుగువారికి అది తెలిసిన గుర్తే.

తోమా పేరును తలకెత్తిన పోర్చుగీసువారే తోమా క్రైస్తవులకు కష్టం తెచ్చారు. 1599లో ఉదయంపేరూరులో జరిగిన సభ, వారి సిరియాక్ గ్రంథాలలో తప్పులున్నాయని నిర్ణయించగా ఎన్నో గ్రంథాలు అగ్నికి ఆహుతి అయినాయి. తరతరాల సాక్ష్యం అట్లా బూడిదైంది. నేడు ఆధారాలేవని కేరళ క్రైస్తవులను అడిగేవారు ఈ సంగతి మరువరాదు. 1653లో మట్టాంచేరిలో వేలాదిమంది శిలువకు కట్టిన త్రాళ్ళు పట్టుకొని, ఆ పరాయి పెత్తనానికి లోబడమని ప్రమాణం చేశారు. క్రైస్తవమతం ఐరోపావారి ఓడలలోనే ఈ దేశానికి వచ్చిందనేవారికి ఆ ప్రమాణం మంచి సమాధానం. 52వ సంవత్సరం మాట ఎట్లా తేలినా, వాస్కోడగామా రాకకు ఎన్నో శతాబ్దాల ముందే ఈ మతం మలబారులో మలయాళం మాటాడుతూ, రాజుల శాసనాలలో చోటు పొంది, ఇక్కడి బిడ్డగా పెరిగిందన్నది రాగిరేకుల మీది సత్యం. స్వతంత్ర భారతప్రభుత్వం 1964లోనూ 1973లోనూ తోమా పేర తపాలా బిళ్ళలు వెలువరించింది.

ఆయన పేరు అంతటితో ఆగలేదు. 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాది వద్ద మట్టికుండలో దొరికిన ప్రాచీన గ్రంథాలలో 'తోమా సువార్త' ఒకటి. కోప్టిక్ భాషలో నూటపదునాలుగు యేసు వాక్యాల సంకలనమది. తోమా స్వయంగా వ్రాసినదని పండితులు అంగీకరించరు. కాని గంభీరమైన సంగతులు చెప్పదలచినవారు ఆయన పేరునే ఎంచుకొన్నారన్నది గమనింపదగినది. ప్రశ్నించినవానికే లోతైన సంగతి తెలిసి ఉంటుందని ఆనాటివారూ తలచారేమో.

తోమా భారతదేశానికి వచ్చాడనడానికి సందేహానికి తావులేని రుజువు లేదు. రాలేదనడానికీ లేదు. పూర్వులు చెప్పారు గనుక అంతా నిజమనే విద్యార్థీ, వ్రాత లేదు గనుక అంతా అబద్ధమనే విద్యార్థీ విచారణ అన్న శ్రమను తప్పించుకొన్నవారే. నాణెం దొరకనంతకాలం గుందఫరు అబద్ధమే. దొరికిన మరుక్షణం నిజం. రేపు మరి ఏమి దొరుకుతుందో, ఏది నిలవదో చెప్పగలవారు లేరు. సందేహించడం తప్పు కాదు. సాక్ష్యం ఎదురుగా నిలిచినప్పుడు దానిని కాదనడమే తప్పు. ఎనిమిది దినాలు తన సందేహాన్ని దాచుకోకుండా, మిత్రులను విడిచిపోకుండా, వారి మధ్యనే వేచి ఉన్నాడు తోమా. చూచిన తరువాత ఒక్క క్షణం ఆలసించలేదు. విద్యాలయాలలో పిల్లలకు చెప్పదగినది ఆయన జీవితంలో ఈ ఎనిమిది దినాల కథ.